పంపింది మనవాళ్లే, అందుకే నమ్ముతాం

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో అందరికంటే ముందు తెల్లవారేది వనపర్తిలో ఉండే మా చిన్నమ్మకే. దేవుడి ఫొటో, దాని కింద శుభోదయం, ఆ వెంటనే ఓ హెచ్చరిక. ఫలానా చాక్లెట్ తిని పిల్లలు పడిపోతున్నారట. ఫలానా నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తొద్దట. “ఇది నిజమేనా చిన్నమ్మా?” అంటే ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే: “నిజమో అబద్ధమో నాకేమెరుక నాయినా. పిల్లలున్న ఇండ్లు కదా, జర జాగ్రత్తగుంటరని పంపిన.”

పుకారు ఎలా పాకుతుందో తెలుసుకోవడానికి ఈ జవాబు చాలు. ఎవరో ఎక్కడో తయారుచేసిన అబద్ధం మన దాకా వచ్చేసరికి మేనత్త పేరుతోనో, బాబాయి పేరుతోనో వస్తుంది. ముక్కూమొహం తెలియనివాడు చెబితే సవాలక్ష ప్రశ్నలు వేసేవాళ్లం, ఇంటి మనిషి పంపితే ఒక్కటీ వేయం.

2018 వేసవి గుర్తుందా? పార్థీ గ్యాంగులనే దొంగల ముఠాలు దిగాయని, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని తెలుగు ఊళ్లన్నీ అట్టుడికిపోయాయి. అప్పుడు దేశమంతా తిరిగిన ఒక వీడియోలో ఇద్దరు బైకు మీద వస్తారు. వీధిలో ఆడుకుంటున్న పిల్లల్లో ఒకణ్ణి చటుక్కున ఎత్తుకుంటారు, బండి మాయమవుతుంది. మన ఫోన్లలో వీడియో అక్కడికే ఆగిపోయింది. అసలు వీడియోలో ఆ బండి తిరిగొస్తుంది. పిల్లాణ్ణి దించేసి, కరాచీ వీధుల్లో పిల్లాణ్ణి ఎత్తుకెళ్లడానికి ఎంతోసేపు పట్టదనే అర్థం వచ్చేలా రాసిన అట్ట చూపిస్తారు. పిల్లల విషయంలో జాగ్రత్తగా ఉండమని పాకిస్తాన్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ కోసం తీసిన ప్రకటన అది. చివరి ముక్క కత్తిరించి, కింద మన జిల్లా పేరు తగిలించారు. అంతే, కరాచీ వీధి మన వీధి అయిపోయింది.

ఇలాంటి పుకార్ల ఫలితం మామూలుగా లేదు. ఆ మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లనే అనుమానంతో జనం ఒక ట్రాన్స్‌జెండర్‌ను కొట్టి చంపారు. జులైలో హైదరాబాద్ నుంచి బీదర్ వైపు వెళ్లిన స్నేహితులు కొందరు దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. ఊరివాళ్లు నిలదీస్తే కారెక్కి బయటపడ్డారు. కానీ కారు కంటే ముందే వాట్సాప్‌లో కబురు ముర్కి అనే ఊరు చేరింది. అక్కడ ఓ గుంపు దారి కట్టేసింది. ఆ గుంపు చేతిలో ఓ యువ ఇంజినీరు ప్రాణం పోయింది.

అదే వేసవిలో జోగులాంబ గద్వాల జిల్లాలో మరో కథ నడిచింది. ఎండాకాలం ఆరుబయట మంచాలేసుకోవాల్సిన జనం తలుపులకు గడియ పెట్టుకుని లోపల పడుకుంటున్నారని ఊళ్లు తిరిగే ఓ కానిస్టేబుల్ గమనించాడు. పాలమూరు ఎండలు తెలిసినవాళ్లకు ఇదెంత వింతో వేరే చెప్పక్కర్లేదు. ఏమిటా అని ఆరా తీస్తే ఫోన్లలో ఇలాంటి వీడియోలు బయటపడ్డాయి. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపారు. డప్పు కొట్టించి చాటింపు వేయించారు, జానపద కళాకారులతో పుకార్ల మీద పాటలు పాడించారు. ఆ జిల్లాలో పుకారుకు ఒక్క ప్రాణమూ పోలేదు. మనకు తెలిసిన మనిషి పంపాడనే కదా పుకారును నమ్మాం? ఆ పుకారు అబద్ధమన్న మాట కూడా కళ్లెదుట నిలబడ్డ మనిషి చెబితేనే జనానికి ఎక్కింది.

వాట్సాప్ కంపెనీ చేసినదీ కొంత ఉంది. 2018 జులైలో ఫార్వర్డ్ అయిన సందేశాలకు గుర్తు పెట్టింది, మన దేశంలో ఒకసారి అయిదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి చేసింది. 2020 ఏప్రిల్లో, చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారి ఒక్క చాట్‌కే పంపనిచ్చింది. దాంతో అలాంటివి 70 శాతం తగ్గాయని చెప్పుకుంది. అయితే మన సందేశాలకు వేసిన సాంకేతిక తాళం వల్ల వాటిలో ఏముందో కంపెనీ కూడా చదవలేదు. అది మన గుట్టుకు మంచిదే. కానీ అబద్ధానికీ అదే తాళం రక్ష. వడపోత మన ఫోను దగ్గరే జరగాలి.

సందేశం మీద రెండు బాణాలు కనిపిస్తే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. ఇక లోపలి మాట చూడండి. పుకారులో తేదీ ఉండదు, “నిన్న రాత్రి” అని ఉంటుంది. నిన్న అనే మాట ఏనాటికీ పాతబడదు, ఏ ఏడు చదివినా నిన్నటి సంగతే. ఊరి పేరుండదు, “మన పక్క ఊళ్లో” అని ఉంటుంది. ఎవరి పక్కనైనా ఓ ఊరుంటుంది కదా.

పెద్దవాళ్లు పెట్టిన సందేశం కింద “ఇది ఫేక్” అని గ్రూపులో అందరి ముందూ రాస్తే వాళ్లు చిన్నబుచ్చుకుంటారు. ఈసారి మనం లేని గ్రూపులో పెడతారు, అంతకుమించి మారేదేమీ ఉండదు. నేను విడిగా ఫోన్ చేస్తాను. ముందు ఆరోగ్యం, పిల్లల సంగతులు అడిగి, ఆ తర్వాత ఈ మాట ఎత్తుతాను. పది నిమిషాలు పోతే పోతాయి గానీ, చెప్పింది చెవికెక్కుతుంది.

హెచ్చరికలు పంపడం మానేయమని నేననను. ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు చెప్పారు? ఈ మూడూ రాసి పంపండి. రాయలేకపోతే అది పంపదగ్గ కబురు కాదు. నిజంగానే ఓ పిల్లాడు కనబడకుండా పోయినా, వీధిలో ఎవరిమీదైనా అనుమానం వచ్చినా, 100కో 1098కో ఫోన్ చేయండి. ఆ నంబర్లకు చేస్తే వెతికే మనుషులు కదులుతారు. గ్రూపులో పెడితే కదిలేది గుంపు.