దల్మా కొండపై సెంద్రా – వేటలో వెలసిన న్యాయస్థానం

వేటమీద బ్రతికే జాతులనగానే మనకు పాఠ్యపుస్తకాల్లోని ఇన్యూట్‌లు గుర్తుకు వస్తారు. గడ్డకట్టిన సముద్రంమీద, సీల్ ఊపిరి తీసుకునే రంధ్రం దగ్గర, వేటగాడు గంటల తరబడి కదలకుండా కాచుకుంటాడు. దొరికిన జంతువును మాత్రం తానొక్కడే తినడు. ఎవరికి ఏ భాగం చెందాలో కట్టుబాటు ఉంటుంది. అంటే వేట చంపడంతో ముగిసిపోదన్నమాట. దీన్ని చూడడానికి మీరు ఉత్తర ధ్రువందాకా వెళ్ళనక్కరలేదు.

జంషెడ్‌పూర్‌లో మేడ ఎక్కి ఉత్తరంగా చూడండి. సుమారు 3,000 అడుగుల ఎత్తున్న దల్మా కొండ కనిపిస్తుంది. ఏటా వేసవిలో సంతాల్, హో, ముండా, భూమిజ్ ఆదివాసులు విల్లంబులతో, డప్పులతో ఆ కొండ ఎక్కుతారు. అదే సెంద్రా. సంతాలీలో ఆ మాటకు వేట అని అర్థం.

వేసవిలోనే ఎందుకు? అప్పటికి పొలం పనులుండవు. అడవిలో పొదలు ఎండి చూపు దూరం ఆనుతుంది. వాగులు ఇంకిపోయి, జంతువులు మిగిలిన నీటిమడుగులకు చేరతాయి. మన విశాఖ మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండుగకు మగవారు వేటకు వెళ్ళేదీ ఈ కాలంలోనే.

వేటకు పెద్ద దిహ్రీ. ఇతడు పూజారి కూడా. పూర్వం తేదీని చాటడానికి సాలకొమ్మను సంతల్లో తిప్పేవారు. కొమ్మకు ఎన్ని ఆకులుంటే వేటకు అన్ని రోజులున్నట్టు! చదువురాని వానికీ అర్థమయ్యే క్యాలెండరు. పగలంతా ఒక గుంపు కేకలతో, డప్పులతో జంతువులను తోలుతుంటే మరో గుంపు కాపు కాస్తుంది. అడవిపంది, కుందేలు, మొరిగే జింక వంటివి చిక్కుతాయి.

అసలు సంగతి రాత్రి మొదలవుతుంది. నీరున్న చోట అందరూ విడిది చేస్తారు. అక్కడ దిహ్రీ అధ్యక్షతన ‘లో బీర్’ సభ కూర్చుంటుంది. సంతాల్‌లకు ఇదే అత్యున్నత న్యాయస్థానం. గ్రామపెద్ద అయిన మాఝీ మీదా, కొన్ని గ్రామాలకు పెద్ద అయిన పరగణా మీదా సామాన్యుడు ఇక్కడ ఫిర్యాదు చేయవచ్చు. ఊళ్ళో తెగని తగవు అడవిలో తెగుతుంది.

1972లో మన వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగల వేట హక్కును కాపాడిందే గాని, దల్మాకు అటువంటి మినహాయింపు ఇవ్వలేదు. విచిత్రంగా అదే ఏడాది అమెరికా తన సముద్ర క్షీరదాల చట్టంలో, జీవనాధారంగా వేటాడే అలాస్కా తీరవాసులైన ఆదివాసులను మినహాయించింది. దల్మా ఆ తర్వాత అభయారణ్యమైంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఎన్నో సంప్రదాయ హక్కులను గుర్తించింది, వేటను తప్ప.

ఇది అన్యాయమని మీరనవచ్చు. నేను పూర్తిగా ఒప్పుకోను. ఆర్కిటిక్‌లో వరి పండదు, ఇక్కడ పండుతుంది. దల్మా అభయారణ్యం సుమారు 193 చదరపు కిలోమీటర్లు మాత్రమే. పక్కనే ఉక్కు నగరం. దాగడానికి పొద కూడా లేని ఎండాకాలంలో గుంపులుగా వేటాడితే తట్టుకునే శక్తి ఆ అడవికి లేదు. కాని, చచ్చిన జంతువులను మాత్రమే లెక్కించే అధికారికి సెంద్రాలో సగమే కనిపిస్తుంది. చట్టం ఆపింది బాణాన్ని. సభను ఆపమని అందులో ఎక్కడా లేదు. అయినా కొండ ఎక్కడం మానేసిన కుర్రవాడు ‘లో బీర్’లో ఎన్నడూ కూర్చోడు. అతని భూమి తగాదా పట్నంలోని కోర్టుకే వెళుతుంది.