విశాఖా.. హైదరాబాదా? ఊరు మారేముందు స్థానికత చూసుకోవాలి

శ్రీకాకుళం: పదో తరగతి ఫలితాలు వెలువడిన మరునాటి నుంచే జిల్లాలోని అనేక ఇళ్లలో ఒకే చర్చ మొదలవుతుంది. పిల్లలను విశాఖపట్నంలో చేర్చాలా? హైదరాబాద్‌ పంపాలా? బంధువులున్నారనో, పక్కింటి అబ్బాయి అక్కడే చదివి స్థిరపడ్డాడనో నిర్ణయం తీసుకునేవారే ఎక్కువ. ఒకప్పుడు ఇది హాస్టల్‌ ఖర్చుకు, ప్రయాణ భారానికి సంబంధించిన విషయం మాత్రమే. ఇప్పుడు తొందరపడి ఊరు మారితే వృత్తివిద్యా కళాశాలలో సీటుకే ఎసరు వచ్చే ప్రమాదముంది.

మారిన నిబంధనలు

ఉమ్మడి రాష్ట్రంలో 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధిని స్థానిక ప్రాంతాలుగా పరిగణించేవారు. 85 శాతం సీట్లు స్థానికులకు దక్కేవి. మిగిలిన 15 శాతానికి అందరూ పోటీపడేవారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పటికీ, పునర్‌వ్యవస్థీకరణ చట్టంలోని 95వ సెక్షన్‌ ఈ విధానాన్ని పదేళ్లపాటు కొనసాగించింది. ఆ గడువు 2024 జూన్‌ 2తో ముగిసింది. 2025లో తెలంగాణ ప్రభుత్వం నిబంధనలను సవరించడంతో ఆ 15 శాతం సీట్లు కూడా ఆంధ్ర విద్యార్థులకు దూరమయ్యాయి. తల్లిదండ్రులు ఆ రాష్ట్రంలో పదేళ్లు నివసించి ఉండటం వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే మిగిలాయి. అందువల్ల ఇక్కడి విద్యార్థి హైదరాబాద్‌లో ఇంజినీరింగ్‌ చదవదలిస్తే, కన్వీనర్‌ కోటాను ఆశించకుండా యాజమాన్య కోటా రుసుమును లెక్కలో పెట్టుకోవాల్సిందే.

లెక్క ఇలా..

ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఎక్కడ చదివితే అక్కడ స్థానికులవుతారన్నది మూలసూత్రం. అలా కుదరని పక్షంలో ఆంధ్రప్రదేశ్‌లో చివరి ఏడేళ్లలో అధిక కాలం ఎక్కడ చదివారన్నది చూస్తారు. పదో తరగతి వరకు సొంత ఊళ్లో చదివి, ఇంటర్‌కు మాత్రమే హైదరాబాద్‌ వెళ్లాలనుకునేవారు తమ స్థానికత నిలుస్తుందో లేదో ముందే నిర్ధారించుకోవాలి. అయితే ఎనిమిదో తరగతి పూర్తికాగానే అక్కడికి పంపితే పరిస్థితి తలకిందులవుతుంది. అలాంటివారు సొంత రాష్ట్రంలోనే స్థానికేతరులుగా మిగిలిపోతారు.

తెలంగాణలో వైద్యవిద్యకు తొమ్మిది నుంచి ఇంటర్‌ వరకు నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న సమర్థించింది. కాబట్టి రెండేళ్ల ఇంటర్‌తో అక్కడ వైద్య సీటుకు అర్హత లభించదు.

జాతీయ సాంకేతిక విద్యాసంస్థ (ఎన్‌ఐటీ)ల్లో లెక్క వేరు. ఇంటర్‌ ఉత్తీర్ణులైన రాష్ట్రాన్నే సొంత రాష్ట్రంగా తీసుకుంటారు. హైదరాబాద్‌లో ఇంటర్‌ పూర్తిచేసిన విద్యార్థి తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో సొంత రాష్ట్ర కోటాను కోల్పోయి, వరంగల్‌ కోటాకు వెళతాడు. అది లాభమో నష్టమో ర్యాంకును బట్టి తేలుతుంది.

దేనికి ఏ నగరం?

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖకు పెద్ద అండ. శ్రీకాకుళం నుంచి దూరం సుమారు వంద కిలోమీటర్లే కావడంతో ఆదివారం ఇంటికి వచ్చి సోమవారం తరగతికి అందుకోవచ్చు. జ్వరమొచ్చిందని కబురందితే తల్లిదండ్రులు పూటలోపే చేరుకోగలరు. హైదరాబాద్‌కు మామూలు రైలులో రాత్రంతా ప్రయాణించాలి. 2023 జనవరిలో విశాఖ నుంచి వందేభారత్‌ మొదలైనా, దాని టికెట్‌ ధర ప్రతి కుటుంబానికీ అందుబాటులో ఉండదు.

పోటీ పరీక్షల శిక్షణకు అశోక్‌నగర్‌, సాఫ్ట్‌వేర్‌ కోర్సులకు అమీర్‌పేట పేరుపొందాయి. పీజీ స్థాయిలో హైదరాబాద్‌ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఇఫ్లూ వంటి కేంద్ర సంస్థలున్నాయి. వీటిలో ప్రవేశాలు జాతీయ స్థాయిలో జరుగుతాయి కనుక స్థానికత అడ్డురాదు. ఐటీ కొలువుల్లోనూ హైదరాబాద్‌దే పైచేయి. అయితే ప్రైవేటు ఉద్యోగానికి స్థానికతతో పనిలేదు. విశాఖలో ఇంజినీరింగ్‌ చదివినవారు హైదరాబాద్‌లో నిరభ్యంతరంగా ఉద్యోగం చేసుకోవచ్చు. ఉద్యోగం కోసం చేరాల్సిన నగరానికి చదువు నాడే చేరి, ఇంటి దగ్గరి సీటును పోగొట్టుకోవలసిన అవసరం లేదు.

ముందే చూసుకోవాల్సినవి

ఆరో తరగతి నుంచి ఇంటర్‌ వరకు చదివిన ప్రతి పాఠశాల, కళాశాల నుంచి స్టడీ సర్టిఫికెట్లు తీసుకుని భద్రపరచాలి. కౌన్సెలింగ్‌ వేళ ఒక్క ఏడాది పత్రం లేకున్నా ఇబ్బంది తప్పదు. ఏటా వెలువడే ప్రవేశ ప్రకటనలో స్థానికత నిబంధనలను స్వయంగా చదవాలి. బోధనా రుసుముల చెల్లింపు పథకం పొరుగు రాష్ట్రపు కళాశాలకు వర్తిస్తుందో లేదో చేరకముందే సంక్షేమశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. కళాశాల ప్రతినిధుల మాటలనే నమ్మి అడ్వాన్సు కట్టడం తగదు. హాస్టల్‌ నచ్చకపోతే నెల తిరగకుండా మారవచ్చు. పోయిన స్థానికత మాత్రం ఆ ఏడాదికి తిరిగిరాదు.