టంకశాల తప్పులు, బజారు కల్పనలు

నాణెమును మనము నిత్యము చేతితో తాకుదుము గాని కంటితో పరికించుట అరుదు. చిల్లర లెక్కించునప్పుడు ఎప్పుడో అంచు కొరిగినది యొకటి, ఎఱ్ఱబారినది యొకటి కంటబడును. వెంటనే “ఇది టంకశాలలో తప్పుపడిన నాణెము, దీనికి వేలు పలుకును” అను ఆశ పుట్టును. అట్టి నాణెములు నిజముగా కలవు. సేకరించువారు వానికి మంచి వెల నిచ్చుటయు నిజమే. కాని మన కంటబడు వానిలో పెక్కు టంకశాల గడప దాటిన పిదప రంగు మారినవో, ఒకరు బుద్ధిపూర్వకముగా మార్చినవో అయియుండును. ఈ భేదమును గుర్తించుటకు నాణెము పుట్టుక తెలిసికొనవలెను.

టంకశాలలో లోహపు రేకునుండి గుండ్రని బిళ్ళలను కత్తిరింతురు. వానిని కాచి మెత్తపరచి, కడిగి, అంచులను నొక్కి కొంచెము ఎత్తుగా చేయుదురు. పిదప బొమ్మ అచ్చునకును బొరుసు అచ్చునకును నడుమ నుంచి గొప్ప ఒత్తిడితో దెబ్బ వేయుదురు. ఆ క్షణమున గట్టి లోహము మైనమువలె సాగి అచ్చులోని పల్లములను నింపును. నిజమైన తప్పు ఈ మెట్లలో ఏదో యొకదానియందు జరిగినదై యుండవలెను. ఏ మెట్టున జరిగినదో చెప్పలేని తప్పును నమ్మరాదు. మేము చెప్పదలచిన ముఖ్యసూత్ర మిదియే.

ఉదాహరణము చూతము. బిళ్ళ తీసిన రంధ్రముమీద కత్తెర మరల పడినచో నెలవంకగా కొరికినట్టి బిళ్ళ వచ్చును. అంచు నొక్కునప్పుడు ఆ కొరుకునొద్ద ఒత్తిడి అందదు గనుక, దానికి సరిగా ఎదుటి వైపున గూడ అంచు సాధారణముగా పలుచబడి యుండును. ఆకురాయితో కోసిన నాణెమునకు ఎదుటి అంచు నిండుగా నుండును. కోతమీద రాపిడి గీతలు కనబడును. అట్లే అచ్చు పగిలినచో లోహము ఆ పగులులోనికి చొచ్చి నాణెముపై ఉబ్బెత్తు గీతగా నిలుచును. తరువాత గీచిన గీత లోనికి దిగియుండును.

రంగు విషయమున మోసపోవుట మిక్కిలి సులభము. ఇత్తడిలో రాగియు తుత్తునాగమును కలవు. పులుపు తగిలి నిలువయున్నచో పైపొరనుండి తుత్తునాగము ముందుగా పోయి రాగి ఎఱుపు మిగులును. కాబట్టి ఎఱ్ఱబారిన ఐదు రూపాయల నాణెము రాగిబిళ్ళపై ముద్రితమైనదని తలపరాదు. తెల్లని ఐదు రూపాయల నాణెమును చూచియు భ్రమపడరాదు. 2007, 2008 సంవత్సరములలో వానిని ఉక్కుతోనే ముద్రించిరి. హైదరాబాదు టంకశాల నాణెములపై సంవత్సరము క్రింద నక్షత్రముండును. కలకత్తా నాణెములపై ఏ గుర్తును ఉండదు. గుర్తు లేకుండుటయు తప్పు కాదు.

రంగు నమ్మదగిన సాక్షి కాదనుటకు అమెరికా దేశపు 1943 నాటి సెంటు చక్కని నిదర్శనము. యుద్ధసామగ్రికి రాగి కావలసి, ఆ యేట సెంట్లను తుత్తునాగపు పూత గల ఉక్కుతో చేసిరి. వెనుకటి కంచు బిళ్ళలు కొన్ని యంత్రములలో చిక్కియుండి, వానిపై కూడ 1943 ముద్ర పడినది. అట్టివి మిక్కిలి అరుదు, వెల మిక్కిలి హెచ్చు. కావున కొందరు ఉక్కు సెంటునకు రాగిపూత పూసిరి. మఱికొందరు 1948 నాటి కంచు సెంటుపై 8 అంకెను చెక్కి 3 గావించిరి. మొదటిదానిని అయస్కాంతము పట్టియిచ్చును. దాని తూకము దాదాపు 2.7 గ్రాములు, కంచుదానిది 3.11 గ్రాములు. రెండవది ఈ రెండు పరీక్షలను దాటును గాని, భూతద్దము క్రింద దొరకిపోవును. నిజమైన 1943 లోని 3 అంకె తోక పొడవుగా క్రిందికి సాగియుండును. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరాదని దీని తాత్పర్యము.

గృహస్థులు చేయవలసినది స్వల్పమే. అనుమానము గల నాణెమును చింతపండుతో గాని బూడిదతో గాని తోమరాదు. తోమిన సాక్ష్యమే చెరిగిపోవును. అదే సంవత్సరపు, అదే టంకశాల నాణెమును ప్రక్కనుంచి పోల్చవలెను. కంసాలి త్రాసులో తూచవలెను. 2011లో ప్రవేశపెట్టిన శ్రేణిలోని రూపాయి 3.79 గ్రాములు, రెండు రూపాయలది 4.85, ఐదు రూపాయలది 6 గ్రాములు తూగును. అరుగుదలవలన కొంచెము తగ్గవచ్చును. పెద్ద తేడా వచ్చినప్పుడే తెలిసినవారికి చూపవలెను.

మీ నాణెమునకు లక్షలిత్తుము, ముందుగా రుసుము పంపుడని ఎవరైన కోరినచో తలుపు మూయుటయే మేలు. తమ పేరు చెప్పి ఇట్లు రుసుములు వసూలు చేయు వారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021లో ప్రజలను హెచ్చరించినది. నిజమైన తప్పు నాణెమునకు తొందర లేదు. పరీక్షకు అది ఎన్నాళ్ళైనను నిలుచును. పరీక్ష వద్దనువాడే తొందరపెట్టును.