సాంగ్‌క్రాన్ సరే... మన పుష్కరాల సంగతేంటి?

రీల్స్‌లో వాటర్ గన్స్ చూసి ఏప్రిల్ 13కి బ్యాంకాక్ టికెట్లు వెతుకుతున్నారా? ‘సాంగ్‌క్రాన్’ మన ‘సంక్రాంతి’ మాటే! అక్కడ పెద్దల చేతులపై సువాసన నీళ్లు పోసి ఆశీస్సులు తీసుకోవడం అసలు ఆచారం. వీధుల్లో అల్లరి దాని పక్కన పెరిగిందే.

మన దగ్గర గురుడు కన్యారాశిలోకి వస్తే కృష్ణా పుష్కరాలు. 2016 ఆగస్టులో గద్వాల వైపు బీచుపల్లి, వనపర్తి వైపు రంగాపూర్, నాగర్‌కర్నూల్ వైపు సోమశిల ఘాట్లు 12 రోజులు కిటకిటలాడాయి. అప్పటికి ఇవన్నీ పాలమూరు జిల్లావే. మళ్లీ 2028లో!

వెళ్తే మూడు మునకలు వేయండి. పక్కనే ఎవరో తండ్రికి పిండం పెడుతుంటారు. ఫోన్ అటు తిప్పొద్దు. సోమశిలలో ఉన్నది శ్రీశైలం బ్యాక్‌వాటర్, లోతు ఎక్కువ. బారికేడ్ దాటొద్దు. ఫొటో లేకపోయినా పుణ్యం తగ్గదు బాస్!