తెల్లవారిందని చెప్పేవారు కావాలి

మదీనా మసీదులో ఫజ్ర్ వేళ అజాన్ ఇచ్చే బాధ్యత ఇద్దరు సహాబీలది. ఒకరు హజ్రత్ బిలాల్ (రజి). రెండోవారు హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి). బిలాల్ ఇంకా రాత్రి ఉండగానే అజాన్ ఇచ్చేవారు. ఆ అజాన్ విని సహరీ ఆపనక్కర లేదని, ఇబ్నె ఉమ్మె మక్తూమ్ అజాన్ ఇచ్చేదాకా తినవచ్చు, తాగవచ్చు అని దైవప్రవక్త ముహమ్మద్ (స) చెప్పినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. అంటే మదీనా పట్టణం ఉపవాసం మొదలుపెట్టేది ఈ రెండో ముఅజ్జిన్ గొంతు వినే.

ఆయన అంధులు.

తూరుపున వెలుగు రేఖ చూడలేని మనిషికి వేళను బట్టి చేయవలసిన పని ఎలా అప్పగించారు? దీనికి జవాబు కూడా హదీసులోనే దొరుకుతుంది. తెల్లవారింది, తెల్లవారింది అని పక్కవారు ఆయనకు చెప్పేవారు. అప్పుడు ఆయన అజాన్ అందుకునేవారు. గొంతు ఆయనది, బాధ్యత ఆయనది, గౌరవమూ ఆయనదే. లేనిది చూపొక్కటే. ఆ కాస్త లోటును ఇరుగుపొరుగు తీర్చారు. చూపు లేదు కనుక ఇంట్లో కూర్చో, నీ తిండి మేం చూసుకుంటాం అని ఎవరూ అనలేదు.

ఈయన గురించే దివ్య ఖుర్‌ఆన్‌లో ‘అబస’ సూరా తొలి ఆయతులు అవతరించాయి. ఖురైషు పెద్దలతో మాట్లాడుతున్న సమయంలో ఈ అంధ సహచరుడు వచ్చి ధర్మం గురించి అడిగితే, ప్రవక్త (స) ముఖం చిట్లించుకున్నారు. దానికి అల్లాహ్ నుంచి వచ్చిన మందలింపు ప్రళయదినం వరకూ చదవబడే గ్రంథంలో నిలిచిపోయింది. తర్వాత ప్రవక్త (స) ఆయన్ను ఎంతో ఆదరించారు. తాము మదీనా వదిలి వెళ్ళినప్పుడు పట్టణం బాధ్యతను పలుమార్లు ఆయనకే అప్పగించి వెళ్ళారని చరిత్రకారులు రాశారు.

ఈ కథ మనందరికీ తెలుసు. జుమా ఖుత్బాల్లో ఎన్నోసార్లు విన్నాం. విని కళ్ళు తుడుచుకున్నాం. మరి మన కార్ఖానాలో, మన దుకాణంలో, మన మసీదులో ‘తెల్లవారింది’ అని చెప్పే మనిషిని పెట్టామా? ఈ వారం ఆ పనినే వృత్తిగా పెట్టుకున్న కొందరిని పరిచయం చేస్తున్నాం. వికలాంగుల చేత పని ఎలా చేయించుకోవాలో, వారితో ఎలా మెలగాలో, పనిచేసే చోటును వారికి అనువుగా ఎలా మార్చాలో యజమానులకు నేర్పేవారు వీరు.

అలీగఢ్ బిడ్డ

మన దేశంలో ఈ బాటకు దారి వేసినవారిలో జావేద్ ఆబిదీ పేరు ముందు చెప్పుకోవాలి. 1965లో అలీగఢ్‌లో పుట్టారు. పుట్టుకతోనే వెన్నెముక లోపం. సకాలంలో గుర్తించకపోవడం, తర్వాతి వైద్యం వికటించడం వల్ల పదిహేనో ఏటికల్లా చక్రాల కుర్చీకి చేరారు. కుటుంబంతో అమెరికా వెళ్ళి, ఒహాయో రాష్ట్రం డేటన్‌లోని రైట్ స్టేట్ యూనివర్సిటీలో జర్నలిజం చదివారు. ఆ విశ్వవిద్యాలయంలో భవనాలను కలుపుతూ నేల కింద సొరంగ మార్గాలున్నాయి. మంచు కురిసినా, వాన కురిసినా చక్రాల కుర్చీ ఒక తరగతి నుంచి మరో తరగతికి ఎవరి సాయం లేకుండా వెళుతుంది. అక్కడ ఆయనకు ఒక సంగతి తెలిసివచ్చింది. కుంటిది తన కాలు కాదు, కట్టడం.

1989లో స్వదేశానికి తిరిగి వచ్చారు. పత్రికల్లో ఉద్యోగం కోసం తిరిగితే, రాత ఎలా ఉందని కాక, కుర్చీలో కూర్చుని వార్తలెలా తెస్తావన్న సందేహమే ఎదురైంది. 1993లో రాజీవ్ గాంధీ ఫౌండేషన్‌లో వికలాంగుల విభాగం నెలకొల్పే పని ఆయనకు వచ్చింది. అక్కడి నుంచి ఆయన దారి మారిపోయింది.

అప్పటికి దేశంలో వికలాంగుల హక్కులకంటూ సమగ్రమైన చట్టం లేదు. ఉన్నదల్లా దయ. దయ ఉన్నవాడు ఇస్తాడు, లేనివాడు తలుపు వేసుకుంటాడు. ఆబిదీ, ఆయన మిత్రులు చట్టం కావాలని పట్టుబట్టారు. 1995 డిసెంబరు చలిలో వీల్‌చైర్లతో, చేతికర్రలతో ఢిల్లీ వీధుల్లోకి వచ్చారు. పార్లమెంటు ఆ నెలలోనే బిల్లును ఆమోదించింది. 1996 ఫిబ్రవరి 7 నుంచి అమలైన ఆ చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం వికలాంగులకు కేటాయించింది.

చట్టం వచ్చింది సరే, ఉద్యోగం ఇచ్చే యజమానికి తెలియజెప్పేదెవరు? 1996లో ఏర్పడిన వికలాంగుల ఉపాధి ప్రోత్సాహక జాతీయ కేంద్రం ఆ పని తలకెత్తుకుంది. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఎన్.సి.పి.ఇ.డి.పి. అంటారు. ఆబిదీ దానికి సారథి. పెద్ద కంపెనీల్లో వికలాంగులు ఎందరున్నారో 1999లో ఆ సంస్థ లెక్క తీస్తే, సగటున నూటికి 0.4 మంది అని తేలింది. వెయ్యిమందిలో నలుగురన్న మాట!

ఆబిదీ ఊరుకునే మనిషి కాదు. విమానం ఎక్కడానికి చక్రాల కుర్చీ వారికి సదుపాయాలు లేవని సుప్రీంకోర్టుకు వెళ్ళి 1998లో తీర్పు తెచ్చుకున్నారు. 2001 జనాభా లెక్కల్లో వికలాంగుల ప్రశ్నే లేకుండా పోతుంటే పోరాడి చేర్పించారు. ఆ లెక్కలో 2 కోట్ల 19 లక్షల మంది తేలారు. 2011 లెక్కలో 2 కోట్ల 68 లక్షలు. అడగనంత కాలం వీరు లేనట్టే కదా! 2001 జనవరిలో శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీకి వచ్చినప్పుడు కుతుబ్ మీనార్ వంటి కట్టడాల దగ్గర ఆగమేఘాల మీద చెక్క ర్యాంపులు వేశారు. విదేశీ అతిథికి ఒక్కరోజులో వేయగలిగింది స్వదేశీ బిడ్డలకు ఇన్నేళ్ళుగా ఎందుకు వేయలేదన్న ప్రశ్న అప్పుడు దేశం ముందు నిలిచింది.

2018 మార్చి 4న, 52 ఏళ్ళ వయసులో ఆబిదీ కన్నుమూశారు. ఆయన ఎంతో శ్రమపడిన కొత్త చట్టం అప్పటికే వచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. 7 రకాల వైకల్యాలు 21 అయ్యాయి. ప్రభుత్వ ఉద్యోగాల్లో కోటా 4 శాతానికి పెరిగింది. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల విధానం రాసి పెట్టుకోవాలి. ఏ సదుపాయాలిస్తారో, ఏ ఉద్యోగాలు వికలాంగులకు తగినవో, వారి బాగోగులు చూసే అధికారి ఎవరో అందులో ఉండాలి.

అక్కచెల్లెళ్ళ చేయి

చట్టం తలుపు తెరుస్తుంది. లోపలికి తీసుకెళ్ళేది మనిషే. బెంగుళూరులో శాంతి రాఘవన్ కథ అటువంటిదే. ఆమె తమ్ముడికి వయసు వచ్చే వేళ చూపు క్రమంగా పోయింది. తెల్లకర్ర పట్టి నడవడం, కంప్యూటర్ మీద పనిచేయడం నేర్చుకుని తన కాళ్ళ మీద నిలబడేదాకా ఆమె వెంట నిలిచారు. తమ్ముడికి చేసింది పదిమందికీ చేయాలని భర్త దీపేశ్ సుతారియాతో కలసి 1999లో ‘ఎనేబుల్ ఇండియా’ స్థాపించారు. ఎన్.సి.పి.ఇ.డి.పి.లో ఆబిదీతో కలసి పనిచేసిన రమా చారి కూడా తర్వాత బెంగుళూరులో కంపెనీలకు ఇదే శిక్షణ ఇచ్చే కేంద్రం నెలకొల్పారు. మన హైదరాబాదులో మీరా షెనాయ్ నెలకొల్పిన ‘యూత్ ఫర్ జాబ్స్’ పల్లెల నుంచి వచ్చే వికలాంగ యువతకు పని నేర్పి, ఉద్యోగాల్లో పెట్టించి, వారిని తీసుకునే యజమానులనూ సిద్ధం చేస్తుంది.

ఇంతకీ వీరు నేర్పేదేమిటి? వింటే ఇంతేనా అనిపిస్తుంది. చేస్తే ఎంత మార్పో తెలుస్తుంది.

చూపులేనివారికి సాయం చేయాలనుకుంటే చటుక్కున చేయి పట్టి లాగకండి. ముందు పేరు చెప్పి, సాయం కావాలా అని అడగండి. కావాలంటే మీ మోచేయి అందించండి, వారు పట్టుకుని నడుస్తారు. చెవిటివారితో మాట్లాడేటప్పుడు ఎదురుగా నిలబడండి, పక్కన ఉన్న దుబాసీతో కాదు, వారితోనే మాట్లాడండి. చక్రాల కుర్చీని అడగకుండా నెట్టకండి, అది వారి ఒంట్లో భాగం. ఉద్యోగానికి వచ్చినవాణ్ణి ‘నీకేమైంది’ అని కాదు, ‘ఈ పని ఎలా చేస్తావు’ అని అడగండి.

తర్వాతి పాఠం పనిని విడగొట్టి చూడడం. దర్జీ కొట్టునే తీసుకోండి. కొలతలు తీయడం, కత్తిరించడం, కుట్టడం, గుండీలు వేయడం, ఇస్త్రీ, గిరాకీలతో మాట్లాడడం. కాలు లేనివాడు ఇందులో ఎన్ని చేయలేడు? కాలితో తొక్కే మిషనుకు మోటారు పెట్టి, మీట చేతికి అందేలా అమరిస్తే చేయలేనిది దాదాపు ఏదీ మిగలదు. వినబడనివాడు గిరాకీలతో మాట్లాడలేకపోవచ్చు. మిగిలిన పనులకు చెవులతో పనేముంది? దీన్నే చట్టం భాషలో సముచితమైన సర్దుబాటు అంటారు. పని తీసేయడం కాదు, పనికి, మనిషికి నడుమ ఉన్న అడ్డు తీసేయడం. మదీనా మసీదులో జరిగింది ఇదే.

మూడో పాఠం కట్టడం గురించి. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే ర్యాంపు పన్నెండు అడుగుల పొడవుండాలి. అంతకంటే నిటారుగా ఉంటే చేతులతో కుర్చీ నడిపేవారు ఎక్కలేరు, దిగేటప్పుడు ప్రమాదం. గుమ్మం వెడల్పు మూడడుగులుంటే కుర్చీ హాయిగా దూరుతుంది. మరుగుదొడ్డిలో గోడకు ఒక గట్టి పట్టుకొమ్మీ. అంతే.

ఈ కొలతల సంగతి ఇప్పుడు దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. సదుపాయాలు కల్పించడం యజమాని ఇష్టానికి వదిలేసిన 2017 నాటి నియమం చెల్లదని, తప్పనిసరి నిబంధనలు రాయాలని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసులో పరిస్థితిని పరిశీలించి కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రమే.

మన ఇంటి సంగతి

ఇక మన మాటకు వద్దాం. మన ఇళ్ళల్లో ఒక అలవాటు ఉంది. వైకల్యమున్న బిడ్డను ప్రేమగా చూస్తాం. మంచి తిండి పెడతాం. పండక్కి కొత్తబట్టలు కుట్టిస్తాం. కాని బయటి పనికి పంపం. పాపం, వాడేం చేస్తాడంటాం. ఆడపిల్లయితే చుట్టాలు వచ్చినప్పుడు లోపలి గదిలో కూర్చోబెడతాం, తక్కిన పిల్లల నిస్బతు చెడుతుందేమోనని. జకాత్ ఇచ్చేటప్పుడు మాత్రం అటువంటి బిడ్డలున్న ఇల్లు గుర్తుకొస్తుంది. అమ్మానాన్నలు ఉన్నంత కాలం ఆ ప్రేమ సాగుతుంది. వారి తర్వాత? అన్నదమ్ముల ఇళ్ళల్లో ఆ మనిషి చేయి చాపి బతకాలి. చేతిలో పని లేకుండా పెంచిన ప్రేమకు చివరికి మిగిలేది అదే.

కనుక అమ్మీలు, అబ్బాలు ముందు చేయవలసింది సర్టిఫికెట్ తీసుకోవడం. మనవాళ్ళు సదరెం అని పిలుచుకునే పరీక్ష ఇందుకే. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే యు.డి.ఐ.డి. కార్డు దేశమంతటా చెల్లుతుంది. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉందని ధ్రువీకరిస్తే ఉద్యోగాల కోటాకు అర్హత వస్తుంది. సిగ్గుపడి దాచితే ఆ హక్కు కూడా దాగిపోతుంది. తర్వాత, బడి మాన్పించకండి. చదువు అబ్బకపోతే చేతిపని నేర్పండి.

కొట్లున్న భాయీలు, కార్ఖానాల మాలికులు ఒక్క పని చేయండి. మీ దగ్గర జరిగే పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. వాటిలో కూర్చుని చేసేవి ఎన్ని, చూడకుండా చేయగలవి ఎన్ని, వినకుండా చేయగలవి ఎన్ని, లెక్కపెట్టండి. ఒక్క మనిషికి చోటు దొరికినా చాలు. కాని జీతం మిగతావారితో సమానంగా ఇవ్వండి. తక్కువ కూలికి దొరికాడని పెట్టుకుంటే అది సవాబు కాదు, దోపిడీ.

ఇక మసీదు కమిటీల పెద్దలకు ఒక మనవి. మసీదు కట్టేటప్పుడు మీనారు ఎత్తు గురించి ఎంత చర్చ జరుగుతుంది! మెట్ల గురించి ఎవరు మాట్లాడతారు? ఆరేసి అంగుళాల మెట్లు మూడుంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు చాలు. స్థలం లేకపోతే మలుపు తిప్పి కట్టవచ్చు. వజూఖానాలో ఒక కుళాయి దగ్గర కుర్చీ ఎత్తున పీట, ఒక గోడకు పట్టుకొమ్మీ. ముసలివారికీ అదే ఆసరా. మోకాళ్ళ నొప్పులతో జమాత్‌కు రాలేక ఇంట్లోనే నమాజు చేసుకుంటున్న పెద్దలు ప్రతి మొహల్లాలో ఉన్నారు. వచ్చే జుమా నాడు లోపలికి అడుగు పెట్టే ముందు ఒక్క క్షణం గుమ్మం దగ్గర ఆగి చూడండి, ఈ మెట్లు ఎవరిని బయటే ఆపేస్తున్నాయో.

ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి)కి తెల్లవారిందని చెప్పినవారి పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు. కాని వారు చెప్పబట్టే ఆ అజాన్ వినబడింది, ఊరు ఉపవాసం పట్టింది. మన వీధిలో కూడా ఒక గొంతు ఆ ఒక్క మాట కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. చెప్పవలసింది మనమే.