అంబాసిడర్‌కు కొత్త కమాన్ పట్టీలు వేయిస్తున్నారా? డబ్బులు కట్టే ముందు ఇవి చూసుకోండి!

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇప్పటికీ అక్కడక్కడా ఏపీ 15, ఏపీ 01 నంబర్లతో అంబాసిడర్ కార్లు కనిపిస్తాయి. నాన్న కొన్న కారు అని కొందరు, దాని మీద మోజుతో మరికొందరు వాటిని కాపాడుకుంటున్నారు. ఇంజిన్ సంగతి ఎలాగోలా నడిచిపోతోంది. అసలు తలనొప్పి కింది సామాన్లతోనే. కమాన్ పట్టీలు, బుష్‌లు, షాకబ్జర్లు, పిన్నులు.. షాపులో అన్నీ కొత్తగా, నల్లగా నిగనిగలాడుతూనే ఉంటాయి. కానీ ఏది నిలుస్తుంది? ఏది మధ్య దారిలో చేతులెత్తేస్తుంది? తెలుసుకోవడం ఎలా?

కంపెనీ మాల్ ఎందుకు దొరకదు?

హిందుస్థాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ప్లాంటులో 2014 మే నెలలో అంబాసిడర్ తయారీ ఆపేసింది. అందుకే ఇప్పుడు మార్కెట్లో ఉన్నది మూడు రకాల సరుకే. ఒకటి, ఎప్పటిదో అమ్ముడుపోని పాత కంపెనీ స్టాక్. రెండు, తుక్కు కింద విప్పిన బండ్ల సామాను. మూడు, పాతదాన్ని చూసి కొత్తగా చేసిన నకలు పార్టులు. నకలు అనగానే నాసిరకం అనుకోవాల్సిన పనిలేదు. మంచి స్టీలుతో, సరైన కొలతలతో చేసేవారూ ఉన్నారు. చిక్కల్లా ఏమిటంటే, పెయింట్ వేశాక మంచిదీ చెడ్డదీ ఒకేలా కనిపిస్తాయి.

పాత కంపెనీ స్టాక్ దొరికితే అదృష్టమే అనుకుంటారు చాలామంది. ఇనుప సామాను వరకు, తుప్పు పట్టకపోతే అది నిజమే. రబ్బరు విషయంలో మాత్రం కాదు. డబ్బాలోంచి తీయకపోయినా రబ్బరు ఏళ్ల తరబడి గట్టిపడుతూ, పగుళ్లు ఇస్తూనే ఉంటుంది.

పాత పార్టును వదిలేయొద్దు

విప్పిన పాత పార్టును షెడ్డులోనే వదిలేసి రావడం పెద్ద పొరపాటు. కొత్తదాన్ని కొలవడానికి అదే గీటురాయి. వెర్నియర్‌తో పట్టీ వెడల్పు, మందం, కన్ను లోపలి వ్యాసం, సెంటర్ బోల్టు నుంచి రెండు చివరలకూ ఉన్న దూరం విడివిడిగా కొలవాలి. మందాన్ని అరగని చోట చూడాలి. వంపు మాత్రం పాతదాన్ని చూసి నిర్ణయించకూడదు. ఎందుకంటే అది అప్పటికే కుంగిపోయి ఉంటుంది. కొత్త జత రెండింటినీ పక్కపక్కన పెట్టి, వాటి వంపు సమానంగా ఉందో లేదో చూడాలి.

కొద్దిగా తేడా ఉంటే ఏమవుతుంది అంటారా? పట్టీ బిగువు దాని మందం ఘనాన్ని బట్టి మారుతుంది. మందం 10 శాతం తగ్గితే బిగువు దాదాపు 27 శాతం పడిపోతుంది. అంటే 6 మిల్లీమీటర్ల పట్టీ బదులు 5.4 మిల్లీమీటర్లది వేస్తే, కంటికి తేడా తెలియదు కానీ నలుగురు ఎక్కగానే బండి కూర్చుంటుంది.

ఆకురాయి చెప్పే నిజం

కమాన్ పట్టీకి సిలికాన్, మాంగనీస్ కలిసిన స్ప్రింగ్ స్టీలు వాడాలి. దాన్ని కాల్చి, నూనెలో ముంచి చల్లార్చి, మళ్లీ తగినంత వేడి చేసి పదును కుదర్చాలి. మామూలు ఇనుప పట్టీ వంచి రంగేస్తే కొన్ని వారాల్లోనే వంగిపోతుంది. పదును మరీ ఎక్కువైనా ముప్పే. గాజులా పెళుక్కున విరుగుతుంది.

దీనికి తేలికైన పరీక్ష ఉంది. పాత పట్టీ చివర, కొత్త పట్టీ చివర ఒకే ఆకురాయితో రుద్ది చూడాలి. పాతదాని మీద కష్టంగా పట్టి, కొత్తదాని మీద సులువుగా తెగితే అది మెత్తటి ఇనుమే. ఆకురాయి అసలే పట్టకుండా జారిపోతే పదును మితిమీరినట్టు. ఈ పరీక్ష చివరలోనే చేయాలి. మధ్యలో గీత పడితే అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. కుంగిన పట్టీని కొలిమిలో కాల్చి వంచి ఇస్తామంటే, మళ్లీ పదును పెడతారా లేదా అని అడగాలి. వట్టిగా కాల్చి వంచితే ఉన్న పదును కూడా పోతుంది.

ముందు వైపు మరింత జాగ్రత్త

అంబాసిడర్ వెనక కమాన్ పట్టీలు ఉంటే, ముందు టార్షన్ బార్ ఉంటుంది. మారిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఏర్పాటు ఇది. ఈ కడ్డీ మెలి తిరుగుతూ బండి బరువు మోస్తుంది. దీని వ్యాసం 5 శాతం తగ్గినా బిగువు 18 శాతానికి పైగా తగ్గుతుంది. మెలిక భారమంతా పైపొర మీదే ఎక్కువగా పడుతుంది కాబట్టి గీత, నొక్కు, తుప్పు గుంత ఉన్న కడ్డీని తీసుకోవద్దు. వాడిన కడ్డీ అయితే అది కుడి వైపుదా, ఎడమ వైపుదా అన్నది తప్పకుండా తెలుసుకోవాలి. ఒక దిక్కు మెలికకు అలవాటుపడిన దాన్ని రెండో వైపు వేస్తే విరిగే ప్రమాదం ఉంది.

చక్రాన్ని పట్టి ఉంచే పిన్నుల్లో గ్రీజు రంధ్రం తెరిచే ఉందా అన్నదీ చూడాలి. రంధ్రం పూడుకుపోతే పిన్ను ఎండిపోయి అరుగుతుంది. చివరికి చక్రమే పక్కకు వాలిపోతుంది.

బుష్‌లు, షాకబ్జర్లు

బుష్‌ను గోటితో నొక్కితే కొద్దిగా దిగి, వెంటనే యథాస్థితికి రావాలి. తెల్ల కాగితం మీద రుద్దితే నల్లటి పొడి రాలినా, విరిస్తే ముక్కలుగా పెళుసుగా ఊడినా పాత టైర్ల రబ్బరు ఎక్కువ కలిపారని అనుమానించాలి. రామగుండం వైపు ఎండలు, ఆదిలాబాద్ చలి రెండూ రబ్బరును పరీక్షించేవే.

పొడవాటి గొట్టం తరహా షాకబ్జర్ అయితే నిలబెట్టి నాలుగైదు సార్లు లాగి నొక్కాలి. ఆ తర్వాత ఎక్కడా ఖాళీగా జారకుండా, మొదటి నుంచి చివరి వరకు ఒకే తీరుగా బిగువు ఉండాలి. మామూలుగా నొక్కేటప్పటి కంటే లాగేటప్పుడే ఎక్కువ బిగువు తెలుస్తుంది. సీలు దగ్గర నూనె తడి ఉంటే పక్కన పెట్టేయొచ్చు.

బిగించడంలోనూ ఉంది కిటుకు

మంచి పార్టు కొన్నా బిగింపు తప్పితే డబ్బులు వృథా. రబ్బరు బుష్‌ల బోల్టులను బండి జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆనాక, బండి బరువు పడ్డాకే చివరి బిగింపు వేయాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులను మళ్లీ బిగించాలి. అలైన్‌మెంట్ చేయించాలి. రెండు వైపులా నేల నుంచి మడ్‌గార్డు అంచు వరకు ఎత్తు కొలిచి రాసి పెట్టుకుంటే, నెల తర్వాత ఏ వైపు కుంగిందో ఇట్టే తెలుస్తుంది. అప్పటిదాకా గ్రానైట్ లారీల మధ్య రాజీవ్ రహదారి మీద స్పీడు, నిర్మల్ మహబూబ్ ఘాట్ మలుపులు వద్దు. ముందు ఊరి రోడ్ల మీదే తిప్పి చూడటం మేలు.

బిల్లు అడగండి

చిట్టీ మీద రాసిస్తే సరిపోదు. పార్టు పేరు, తేదీ ఉన్న బిల్లు తీసుకోవాలి. నాసిరకం సరుకు అంటగడితే 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కొన్నవారు తాము ఉంటున్న జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. హైదరాబాద్‌లో కొన్నా కేసు కోసం అక్కడికి తిరగాల్సిన పనిలేదు.

ఇక మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన కార్లకు 2021లో వచ్చిన నిబంధనల కింద 'వీఏ' సిరీస్ వింటేజ్ నంబరు తీసుకునే వీలుంది. దానికి ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. ఎత్తు కోసమో, స్టయిల్ కోసమో వేరే బండి సస్పెన్షన్ అతికించేందుకు ఛాసిస్ కోసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పాత కారును పాత కారుగానే ఉంచుతూ, దాని కింద నమ్మకమైన పట్టీ వేయడమే ఖర్చుకూ ప్రాణానికీ మంచిది.