నీలం దీపం చెప్పిన సంగతి

పిల్లలూ! మదనపల్లె టమోటా మార్కెట్టు పేరు మీరు వినే వుంటారు. చుట్టుపక్కల పల్లెల నుంచి టమోటా పెట్టెలు వేసుకుని చిన్నా పెద్దా బండ్లు అక్కడికి వస్తుంటాయి. మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రవాడి తండ్రి అలాంటి బండి ఒకటి నడుపుతాడు. ముప్పై ఏళ్ళనాటి పికప్ బండి. ఇంజను ఇప్పటికీ గట్టిదే. వచ్చిన చిక్కల్లా దీపాలతోనే.

ఒకనాడు తెల్లవారుజామున మూడు గంటలప్పుడు ఆయన సరుకుతో వెళుతుంటే, రోడ్డు ఎడమ అంచున ఆగివున్న ట్రాక్టరు ట్రెయిలరు బాగా దగ్గరికి వచ్చేదాకా కనపడలేదట. చప్పున స్టీరింగు తిప్పబట్టి సరిపోయింది. కారణం ఎడమ హెడ్‌లైటు. కుడిది తెల్లగా వెలుగుతుంటే, ఎడమది ఆరిపోబోయే కుంపటిలా ఎర్రగా మినుకుమంటోంది. మన దేశంలో బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి. కనుక రోడ్డు వారన నడిచేవాళ్ళనూ, ఆగిన బండ్లనూ ముఖ్యంగా చూపించవలసినది ఆ ఎడమ దీపమే. పైగా ఎదురు వచ్చేవాడికి ఒంటి దీపం మోటారు సైకిలులా తోస్తుంది.

"మా నాయన రెండు బల్బులు మార్చినాడు సార్, అదే కత. వైరింగంతా మార్చాలని ఒకరు, 100 వాట్ల బల్బు పెట్టమని ఇంకొకరు చెప్తాండారు" అన్నాడు కుర్రవాడు.

ఆ రెండో సలహా వినగానే నాకు భయం వేసింది. ఆ బండిలో వున్నది 12 వోల్టుల బ్యాటరీ. 55 వాట్ల బల్బు దాదాపు 4.6 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. 100 వాట్లదైతే 8.3 ఆంపియర్లు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని పదో తరగతిలో చదువుకుంటారు. అంటే అదే పాత తీగలో వేడి మూడు రెట్లకు పైగా పెరుగుతుందన్నమాట! తొడుగు కరిగితే మంటలే. అందుకని ఆదివారం పొద్దున బడిలోని మల్టీమీటరు సంచీలో వేసుకుని నేనే వాళ్ళింటికి వెళ్ళాను.

ఆ బండి హెడ్‌లైటు బల్బుకు మూడు కాళ్ళు వుంటాయి. లోపల ఫిలమెంట్లు రెండు. ఒకటి దూరం చూపే బ్రైటు, రెండవది ఎదుటివాడి కళ్ళలో పడకుండా కిందికి కొట్టే డిమ్ము. రెండింటికీ చెరొక కాలు. మూడో కాలు ఇద్దరికీ ఉమ్మడి. ఆ ఉమ్మడి కాలికి తగిలించిన నల్ల తీగ బ్యాటరీ దాకా పోదు. దగ్గరలో బండి ఇనుప రేకుకు ఒక బోల్టుతో బిగించి వుంటుంది. బ్యాటరీ ఋణ ధ్రువాన్ని కూడా బండి ఇనుముకే కలుపుతారు. తిరుగు ప్రయాణంలో కరెంటుకు బండి శరీరమే తీగ! దీనినే మెకానిక్కులు ఎర్తు అంటారు.

నేను డిమ్ము స్విచ్చి వేయించి, ఎడమ బల్బు ప్లగ్గు ఊడదీసి, అందులో డిమ్ము తీగకూ ఎర్తు తీగకూ మధ్య మీటరు పెట్టాను. 12.2 వోల్టులు చూపింది. "కరెంటు నిక్షేపంగా వస్తోంది. వైరింగు బాగానే వుంది. బల్బే మంచిది కాదు" అని తీర్పు చెప్పేశాను. ఆయన ఏమీ అనకుండా ఆ బల్బును తీసి కుడివైపు పెట్టాడు. అది పట్టపగలే కళ్ళు చెదిరేలా వెలిగింది. ముప్పై ఏళ్ళుగా విద్యుత్తు పాఠం చెబుతున్న నా పరువు కాస్తా పోయింది.

మీటరు అబద్ధం చెప్పిందా? లేదు. నేనడిగిన ప్రశ్నే తప్పు. ఎలాగంటారా? దారిలో ఎక్కడో తుప్పు పట్టి 20 ఓమ్‌ల నిరోధం ఏర్పడిందనుకోండి. డిజిటల్ మీటరు నిరోధం సాధారణంగా కోటి ఓమ్‌లు. దాని గుండా పోయే కరెంటు ఆంపియరులో పదిలక్షల వంతుకు కాస్త పైన. అంత సన్నని కరెంటుకు 20 ఓమ్‌లు అడ్డమే కాదు. అక్కడ తగ్గే వోల్టేజి లేనట్టే. కాని బల్బుకు కావలసింది 4.6 ఆంపియర్లు. ఓమ్ నియమం ప్రకారం 20 ఓమ్‌ల గుండా 12 వోల్టులు నడపగలిగింది ఎంత? 12ను 20తో భాగించండి. 0.6 ఆంపియరు! (జార్జ్ సైమన్ ఓమ్ కూడా మావంటి హైస్కూలు ఉపాధ్యాయుడే. జర్మనీలోని కొలోన్ నగరంలో పాఠాలు చెబుతూనే ప్రయోగాలు చేసి, 1827లో తన నియమాన్ని పుస్తకంగా వెలువరించాడు.)

ఇది విని కుర్రవాడి తండ్రి, "మా తోటలో డ్రిప్పు పైపు కత ఇంతే సార్. పైపులో మట్టి అడ్డం పడినా, చివర మూత బిగించినప్పుడు లోపల ఒత్తిడి నిండుగానే వుంటాది. మూత తీస్తే మాత్రం చుక్కలే" అన్నాడు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

కనుక బల్బు వెలుగుతుండగానే కొలవాలి. ఎక్కడని? వచ్చే దారి పాడయిందా, పోయే దారి పాడయిందా? ఇక్కడే కుర్రవాడు ఒక మాట అడిగాడు. "సార్, డిమ్ము వేసినప్పుడు డ్యాష్‌బోర్డులో నీలం దీపం లీలగా వెలుగుతాది. అది బ్రైటుకు గదా వెలగాల?"

పరుగున పోయి చూశాను. నిజమే! బ్రైటు వేశామని గుర్తు చెప్పే నీలం దీపం, డిమ్ములో కూడా మిణుగురులా వెలుగుతోంది. రాత్రిళ్ళు తండ్రి పక్కన కూర్చుని వాడు దానిని ఎన్నోసార్లు చూశాడట. చిక్కుముడి అక్కడ విడిపోయింది.

ఎడమ బల్బుకు ఎర్తు దారి దాదాపు మూసుకుపోయిందనుకోండి. డిమ్ము ఫిలమెంటు లోంచి వచ్చిన కరెంటు ఉమ్మడి కాలి దగ్గరికి చేరి, బయటికి దారి లేక, అదే బల్బులోని బ్రైటు ఫిలమెంటులోకి వెనుకనుంచి దూరుతుంది. అక్కడి నుంచి బ్రైటు తీగ పట్టుకుని అవతలి పక్కకు పోయి, కుడి బల్బులోని బ్రైటు ఫిలమెంటు గుండా అక్కడి మంచి ఎర్తుకు చేరుతుంది. దొంగదారి! 12 వోల్టులను మూడు ఫిలమెంట్లు పంచుకోవడంతో ఒక్కొక్కదానికి నాలుగు వోల్టుల ప్రాంతం దక్కుతాయి. నీలం దీపం తగిలించి వున్నది ఆ బ్రైటు తీగకే. అందుకే అది కూడా లీలగా వెలిగింది. ఫిలమెంటు బల్బుకు వోల్టేజి పదోవంతు తగ్గితేనే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. మరి నాలుగైదు వోల్టులతో కుంపటి గాక ఏముంటుంది?

ప్లగ్గు మళ్ళీ తగిలించి, డిమ్ము వెలుగుతుండగా, ఎడమ బల్బు ఉమ్మడి కాలికీ బ్యాటరీ ఋణ ధ్రువానికీ మధ్య మీటరు పెట్టాం. దారి బాగుంటే సున్నాకు దగ్గరగా వుండాలి. 7 వోల్టులు చూపింది!

నల్ల తీగ వెంట వేలు జరుపుతూ పోతే మడ్‌గార్డు లోపల బోల్టు దొరికింది. వానాకాలానికి ముందు మడ్‌గార్డుకు టింకరింగు చేయించి రంగు వేయించారట. ఆ కొత్త రంగు మీదనే తీగ రింగును పెట్టి బోల్టు బిగించారు. రంగు విద్యుత్ బంధకం. బోల్టు మరలు మాత్రమే ఇనుమును తాకి కొన్నాళ్ళు నెట్టుకొచ్చాయి. వానలకు అవి కూడా తుప్పు పట్టాయి.

ముందుగా బ్యాటరీ ఋణ తీగ విప్పించాను. పన్నెండు వోల్టులు మనిషికి షాకు కొట్టవు గాని, పొరపాటున స్పానరు రెండు ధ్రువాలకూ ఒకేసారి తగిలితే వందల ఆంపియర్లు పారి చెయ్యి కాలుతుంది. మీరు పెద్దవాళ్ళు లేకుండా ఈ పనికి దిగవద్దు. ఆయన బోల్టు విప్పి, ఎమరీ కాగితంతో రంగూ తుప్పూ పోయి ఇనుము మెరిసేదాకా రుద్దాడు. రింగును కూడా రుద్ది, గట్టిగా బిగించి, తడి చేరకుండా పైన గ్రీజు పూశాడు. మళ్ళీ కొలిస్తే 0.1 వోల్టు. రెండు దీపాలూ ఒకేలా వెలిగాయి. నీలం దీపం ఆరిపోయింది. ఖర్చు కాగితానికి, గ్రీజుకు అయిన కాసిని రూపాయలు.

కుడివైపు బోల్టు సంగతి కూడా చూడమన్నాను. అదీ రంగు మీదే వుంది!

మీరు ఇంట్లోనే దీనిని చేసి చూడవచ్చు. రెండు టార్చి సెల్లులు, ఒక పాతకాలపు ఫిలమెంటు టార్చి బల్బు, ఒక పెన్సిలు తీసుకోండి. పెన్సిలును రెండుగా చీల్చి, లోపలి ములుకును వలయంలో కలపండి. బల్బు మసకబారుతుంది. బల్బును తీసేసి, అది తాకిన రెండు చోట్ల మధ్య వోల్టేజి కొలవండి. సెల్లులు కొత్తవైతే మూడు వోల్టులూ వున్నట్టే కనిపిస్తాయి. బల్బు తిరిగి పెట్టి ములుకు రెండు కొసల మధ్య కొలిస్తే, తక్కిన వోల్టులు ఎక్కడికి పోయాయో తెలుస్తుంది.

ఇంకొక్క మాట. ఎడమ ఎర్తు పోయిన ఆ బండిలోనే డిమ్ముకు బదులు బ్రైటు వేస్తే, దొంగదారి ఏయే ఫిలమెంట్ల గుండా పోతుంది? బొమ్మ గీసి బాణాలు పెట్టండి. మా కుర్రవాడు సోమవారం నాడు నల్లబల్ల మీద గీశాడు. ఒక్క బాణం మాత్రం తిరగబడింది.